హార్బరు బండి

పోయిన నెలలో భీమిలి వైపు ఒక పెళ్ళికి వెళుతుండగా, రుషికొండ దాటాక వచ్చే తిన్నని రోడ్డు మీద మా కారు చాలాసేపు ఇరుక్కుపోయింది. ముందెక్కడో ఒక కాలేజీ బస్సు తిరగబోయి అడ్డంగా నిలిచిపోయిందట. అల్లుడు స్టీరింగు మీద వేళ్ళతో దరువు వేస్తున్నాడు, మా ఆవిడ కిటికీ దించి కాల్చిన మొక్కజొన్న పొత్తులు బేరమాడుతోంది, వెనకాల హారన్లు మోగుతూనే ఉన్నాయి. నేను మాత్రం సముద్రం వైపున్న రోడ్డు భాగాన్ని చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ ఒకసారి నా ముఖం చూసి, పొత్తు ఒకటి చేతిలో పెట్టింది. ఆ రోడ్డు మీదికి వచ్చినప్పుడల్లా నేను అటే చూస్తానని ఆమెకు తెలుసు. ఇన్నేళ్ళయినా అక్కడ, నాకు సరిగ్గా పక్కన, ఒక తెల్ల కారు ముక్కు నా కారు ముక్కుతో సమానంగా నిలబడి, కదలడానికి సిద్ధంగా గుర్రుమంటున్నట్టే ఉంటుంది.

మన ఈడు వాళ్ళకు ఆ రోడ్డు ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తుండే ఉంటుంది. తొంభైల చివర అటు ఇన్ని భవనాలు లేవు. ఒక పక్క ఎర్రమట్టి దిబ్బలు, జీడిమామిడి తోటలు, ఇంకో పక్క సరుగుడు చెట్లు, వాటి సందుల్లోంచి సముద్రం. ఆదివారం తెల్లవారుతుండగా పాలవాళ్ళ సైకిళ్ళూ, ఏ చేపల గంపలనో ఎక్కించుకున్న ఆటో ఒకటీ అరా తప్ప మరేమీ తిరిగేది కాదు. అందుకే మేము ఆ చోటు ఎంచుకున్నాం. ఒక కల్వర్టు దగ్గర రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టి, ముందుగా ఎవరిది రోడ్డు చివరనున్న జంట తాడిచెట్లను దాటుతుందో చూసుకోవటం, అంతే మా ఆట. ఇప్పుడు తలచుకుంటే అందులో ప్రమాదమే కనిపిస్తుంది. అప్పుడు మాకు అదొక్కటీ తప్ప మిగతావన్నీ కనిపించేవి.

మాది మల్కాపురం. నాన్న పోర్టులో పనిచేసేవారు. ఉతికి ఆరేసిన చొక్కాలకు కూడా రిఫైనరీ వాసన అంటుకుని ఉండే ఆ వీధుల్లో కారు అంటే డాక్టరుగారిది, లేకపోతే ఏ కాంట్రాక్టరుదో. చదువు నా ఒంటికి పట్టలేదు. మా మావయ్య లేతు షాపులో పనికి కుదిరాను. స్టీలు ప్లాంటు నుంచీ పోర్టు నుంచీ సరుకు తోలే లారీల సిలిండర్లు బోరింగు చేయటం, బ్రేకు డ్రమ్ములు చెక్కటం మా పని. ఒకసారి మావయ్య ప్రమాదంలో నలిగిపోయిన చిన్న కారునొకదాన్ని, ఎయిట్ హండ్రెడ్ అనేవాళ్ళం కదా, దాన్ని తుక్కు కింద తెచ్చి షెడ్డు వెనక పడేశారు. అది అలా వానకు తడుస్తుంటే చూడలేక, పని అయిపోయాక రోజూ కాస్త కాస్తగా దాన్ని నిలబెట్టాను. నిలబడ్డాక నడిపించాలనిపించింది, నడిచాక పరుగెత్తించాలనిపించింది. మనిషి ఆశ అలాంటిదే అనుకుంటాను.

ఎర్ర రంగు వేయించి, అద్దాలు తుడిచి, షాపు ముందు నిలబెట్టిన రోజునే బావ వచ్చాడు. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు బావా అనుకోవటానికి చుట్టరికం అక్కరలేదు. అతను సముద్రపొడ్డున ఉండే చేపలవాళ్ళ కుటుంబంలో పుట్టినవాడు, ఫిషింగ్ హార్బరులో మరబోట్ల ఇంజన్లు బాగుచేసేవాడు. ఏదో బోటు షాఫ్టు చెక్కించుకోవటానికి మా షాపుకు వచ్చి, నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“ఏటి బావా, ఇంత సోకు సేసినావు, ఎగరతాదేటి ఇది?”

“ఎగరదు గాని, నీ కళ్ళకి అందదు,” అన్నాను.

“నాకూ ఉందొకటి. ఆదివారం తెల్లారగట్ల రుషికొండ కాడికి తోలుకురా, సూసుకుందుం.”

అలా మొదలైంది. ఆ ఆదివారం మావయ్యే కల్వర్టు మీద నిలబడి భుజం మీది తువ్వాలు పైకెత్తి కిందికి దించారు. నా కారు కదిలి, నేను రెండో గేరు వేసేలోపు అతని తెల్ల ఎయిట్ హండ్రెడ్ కారు వెనక నంబరు ప్లేటు నా ముందు ఉంది. దానికి తోడు దాని చప్పుడు. ఏ బోటు గొట్టంతో చేయించాడో ఆ సైలెన్సరు, చిన్న కారు నుంచి అలాంటి గొంతు వస్తుందని నేను అనుకోలేదు. లావుగా, కాస్త బొంగురుగా, ఎక్కడా ఆగకుండా సాగే చప్పుడు. తాడిచెట్ల దగ్గర అతను కారు దిగి, బానెట్ మీద చెయ్యి వేసుకుని నా కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడటం నాకు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా చేసిందో.

మా పందేల్లో డబ్బు లేదు. ఓడినవాడు గెలిచినవాడి కారు కడగాలి, అదొక్కటే షరతు. ఆ లెక్కన నేను ఆ తెల్ల కారును కడిగినంతగా దాని సొంతదారు ఎన్నడూ కడిగి ఉండడు. వాళ్ళ ఇంటి ముందు ఇసుకలో కారు పెట్టి, బావ తిరగేసిన తెప్ప మీద కూర్చుని తీరిగ్గా ఇడ్లీలు తింటూ, ఇక్కడ మరక ఉండిపోయింది, అక్కడ తుడవలేదు అని చూపిస్తుంటే, నేను బకెట్లతో నీళ్ళు మోసేవాణ్ణి. వాళ్ళమ్మను నేను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆవిడ నా మీద జాలిపడి, ఆ వచ్చినోడికి పెట్టకుండా నువ్వు తినీడవేట్రా అని కొడుకును కసిరి, నాకూ ఒక ప్లేటు తెచ్చేది. బావ పెళ్ళాం గుమ్మంలోంచి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. బావ భార్య నాకు చెల్లెలి వరస కదా, చెల్లెమ్మా అనేవాణ్ణి, ఆమె అన్నయ్యా అనేది.

కారు మొత్తం నా చేతులతో తుడిచాను గాని బానెట్ ఎత్తి చూసే భాగ్యం మాత్రం కలగలేదు. బావ దానికి ఇనుప పట్టీ వేయించి ఇత్తడి తాళం బిగించాడు. ఆ తాళం గురించి మల్కాపురం నుంచి పాత పోస్టాఫీసు దాకా మాట్లాడుకోని మెకానిక్కు లేడు. లోపల జపాను ఇంజనుందని ఒకరు, ఓడల వాళ్ళ దగ్గర ఏదో భాగం సంపాదించాడని ఒకరు, పెట్రోల్లో ఏదో కలుపుతాడని ఇంకొకరు. అడిగితే బావ నవ్వి, ఉన్నాదిలే బావా, లోపలున్నాది అనేవాడు.

ఆ లోపలున్నదేదో దాన్ని ఓడించటానికి నేను చేయని పని లేదు. సిలిండరు హెడ్డు పలచగా చెక్కాను, ఫ్లైవీలు బరువు తగ్గించాను, వెనక సీటు పీకేశాను, కిటికీలు దించే గేర్లు తీసేసి అద్దాలకు పట్టీలు కట్టాను. ఒక ఏడాదికి నేను అతనికి కారు పొడవు దూరంలోకి వచ్చాను. ఇంకో ఏడాదికి బానెట్ పొడవు. ఈలోగా మాకు రెండు వర్గాలు తయారయ్యాయి. నాది మల్కాపురం బండి, అతనిది హార్బరు బండి. టీకొట్ల దగ్గర మా గురించి కొట్టుకునేదాకా వెళ్ళినవాళ్ళున్నారు. మేమిద్దరం మాత్రం ఆదివారం తప్ప కలుసుకునేవాళ్ళం కాదు, కలిస్తే అవతలివాడు కొత్తగా ఏమి చేశాడో కనిపెట్టటం తప్ప వేరే మాట ఉండేది కాదు. అయినా నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను పొద్దున లేచి మొదట తలచుకునేది మా ఆవిడనూ కాదు, అమ్మానాన్నలనూ కాదు. బావ ఈపాటికి ఏమి చేస్తుంటాడా అని.

చివరకు ఒక పెద్ద ఇంజను సంపాదించి, దాన్ని ఆ చిన్న కారులో ఇరికించి బిగించాను. ఆ ఆదివారం ఇద్దరం సరిసమానంగా కదిలాం. మొదటిసారిగా రోడ్డు పొడవునా తల తిప్పితే అతను కనిపించాడు. పెదవులు బిగించి, కళ్ళు చిన్నవి చేసుకుని, రోడ్డును కాక ఏదో వింటున్నవాడిలా ఉన్నాడు. తాడిచెట్ల దగ్గర మావయ్య తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎవరు ముందని అడిగితే ఆయన తల గోక్కుని, నాకు తెల్దురా, రెండూ ఒక్కపాలే దాటీసినాయి అన్నాడు. ఎవరు ఎవరి కారు కడగాలో తేలక రెండు కార్లూ ఎర్రమట్టితోనే ఇళ్ళకు బయలుదేరాయి. బావ మాత్రం కిటికీలోంచి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందెప్పుడూ పట్టుకున్నవాడు కాదు.

“ఒచ్చే ఆదివారం తేల్సుకుందుం బావా.”

ఆ వారం మధ్యలో వాళ్ళ చిన్నాన్న బోటు ఇంజను విప్పి బిగించే పని పూర్తయింది. కొత్తగా బిగించిన ఇంజను ఎలా నడుస్తుందో చూద్దామని బావ కూడా వాళ్ళతో బోటెక్కాడు. వెళ్ళిన మర్నాడే వాయుగుండం పట్టింది. మన వైపు సముద్రం అలాంటి వేళ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు మాటల్లో చెప్పటం నా వల్ల కాదు. ఒకటొకటిగా మిగతా బోట్లు తిరిగి వచ్చాయి, హార్బరులో ఆడవాళ్ళు వరసగా నిలబడి వచ్చిన ప్రతి బోటు పేరూ చదివించుకుంటున్నారు. ఆ బోటు రాలేదు. కొన్నాళ్ళకు దాని చెక్కలు కొన్ని ఎగువన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాయని కబురొచ్చింది. చిన్నాన్న శవమై దొరికాడు, కూడా వెళ్ళినవాళ్ళలో మరొకరు అలాగే దొరికారు. బావ దొరకలేదు.

ఆ కబురుకు ముందే, తేల్చుకుందామనుకున్న ఆదివారం వచ్చింది. ఎవరూ రమ్మనలేదు, నేనూ వెళ్ళాలనుకోలేదు, కానీ తెల్లవారుతుండగా కారు తీసుకుని కల్వర్టు దగ్గరికి వెళ్ళిపోయాను. గాలి ఇంకా తగ్గలేదు. సరుగుడు కొమ్మలు విరిగి రోడ్డంతా పడి ఉన్నాయి. నా వైపు నేను కారు నిలబెట్టి, సముద్రం వైపు ఖాళీగా వదిలి కూర్చున్నాను. కాసేపటికి మావయ్య స్కూటరు మీద వచ్చారు, భుజం మీద తువ్వాలు ఉంది. ఆయన నన్ను ఇంటికి పొమ్మనలేదు, నేను ఆయన్ను ఎందుకొచ్చారని అడగలేదు. ఎండెక్కేదాకా ఇద్దరం అలాగే ఉండి, ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం.

స్నేహితుడు పోతే నలుగురు వచ్చి పలకరిస్తారు. చుట్టం పోతే మైల పడతారు. పోటీదారు పోతే మనకు పలకరింపు ఉండదు, అయినా ఆ వెలితి చుట్టం పోయినదాని కంటే తక్కువది కాదు. షాపులో హెడ్డు చెక్కుతూ చెక్కుతూ, ఇక దీన్ని ఎవరి కోసం చెక్కాలి అనిపించి మిషను ఆపేసిన రోజులున్నాయి.

కొన్ని నెలల తరువాత అత్త బస్సెక్కి మల్కాపురం వచ్చి, అడుగుతూ అడుగుతూ మా షాపు కనుక్కుంది. కొంగున కట్టుకున్న ముడి విప్పి, తాళం చెవులు నా చేతిలో పెట్టింది. ఒకటి కారుది, ఒకటి ఆ ఇత్తడి తాళానిది.

“బండి ఉప్పుగాలికి పాడైపోతంది బాబూ. ఒకపాలొచ్చి కదుపు. నువ్వయితే దాని సంగతి తెలిసినోడివి.”

ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. తెల్ల కారు చక్రాలు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి, పైన ఎవరో వల ఆరేశారు. వల తీసి మడత పెట్టి, బానెట్ ముందుకు వచ్చాను. ఇన్నాళ్ళూ ఏ తాళం వెనక ఏముందో చూడాలని తపించిపోయానో, ఆ తాళం నా చేతిలోనే ఉంది. చూస్తే దొంగతనం చేసినట్టుంటుందేమో అనిపించింది. కానీ బ్యాటరీ మార్చకపోతే కారు కదలదు. తీశాను.

లోపల ఏమీ లేదు. అంటే, ఏ చిన్న కారులోనైనా ఉండేదే ఉంది. అదే చిన్న ఇంజను, అదే కార్బొరేటరు, ఫ్యాక్టరీలో బిగించిన గాలి వడపోసే డబ్బా కూడా మార్చలేదు. అంతా శుభ్రంగా, ఒక చుక్క నూనె బయటికి కారకుండా ఉంది, అంతే. ఆ సైలెన్సరు తప్ప అతను ఆ కారులో మార్చినది ఏదీ లేదు. నేను పక్కనున్న తెప్ప మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఉన్నాదిలే బావా, లోపలున్నాది అని ఎంత ధీమాగా చెప్పేవాడు. ఉన్నదల్లా అతని కాళ్ళూ చేతులూ చెవులే. క్లచ్చి ఎక్కడ వదలాలో, గేరు ఏ చప్పుడు దగ్గర మార్చాలో తెలిసిన మనిషితో నేను ఇనుము చెక్కి పోటీపడ్డాను. ఆ వేగం అతనితోనే పోయింది. కారులో ఒక్క పిసరు కూడా మిగల్చలేదు.

బ్యాటరీ మార్చి తిప్పగానే ఇంజను అందుకుంది. ఆ బొంగురు గొంతు ఒక్కసారిగా వీధంతా నిండింది. ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు, ఒకావిడ నీళ్ళబిందె నేల మీద పెట్టేసింది. అత్త గుమ్మం పట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. ఆమె ముఖంలో ఏదో తేటబడినట్టు నాకు కనిపించింది. రోడ్డు చివరి దాకా నడిపి తిరిగి తెచ్చి పెట్టాను. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను అత్తా అన్నాను. ఆవిడ తల ఊపింది.

అలా ఆదివారాలు గడిచాయి. తెల్లవారగానే వెళ్ళటం, హార్బరు బండి తీయటం, వీధిలోంచి పై రోడ్డెక్కి కొంతదూరం జోరుగా పోయి తిరిగి రావటం. ఆ సీటులో కూర్చున్నంతసేపూ నాకు ఒంటరిగా ఉన్నట్టుండేది కాదు. బావ నాకంటే పొట్టి, అతని కాళ్ళకు సరిపోయేలా ముందుకు జరిపి ఉంచిన సీటును నేను వెనక్కి జరపలేదు. మోకాళ్ళు స్టీరింగుకు తగులుతున్నా అలాగే నడిపాను. పైనున్న అద్దం కూడా అతని కళ్ళకు అమర్చినదే, అందులో నాకు వెనక రోడ్డు కాక నా నుదురే కనిపించేది. సరిచేద్దామని చెయ్యి వెళ్ళేది, వెనక్కి వచ్చేది. ఒక్కోసారి గేరు మీద చెయ్యి వేస్తే ఆ నాబు వెచ్చగా ఉన్నట్టు తోచేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఒడ్డున పెద్దలు కర్మకాండ సంగతి ఎత్తినప్పుడల్లా అత్త, సూద్దుం లెండి అని దాటవేస్తోందని విన్నాను. కొడుకు చప్పుడు వారం వారం వింటున్న తల్లి అతను పోయాడని ఎలా ఒప్పుకుంటుంది, పాపం, అని నేను నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడకు ఆ కాస్త ఊరట నా వల్ల దొరుకుతోంది కదా అని కాస్త గొప్పగా కూడా ఉండేది.

ఒక ఆదివారం కారు పై రోడ్డు ఎక్కే మలుపులో చెల్లెమ్మ నిలబడి ఉంది. నడుమున చేపల గిన్నె, తల మీద కొంగు. కారు ఆపాను. ఆమె దగ్గరికి రాలేదు, అక్కడి నుంచే చెప్పింది.

“అన్నయ్యా, ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకు. ఈ సప్పుడు ఆపీ. ఆయమ్మకి కొడుకొచ్చినట్టుంటది గావాల. నాను ఇది ఇనగానే లెగిసి గుమ్మంలోకొచ్చీస్తన్నాను. ఒచ్చీసినాక గేపకమొస్తంది. వారం వారం నాకు ఆయన మల్లీ పోతన్నాడు.”

ఆమె ఏడవలేదు. గిన్నె రెండో పక్కకు మార్చుకుని దిగువకు వెళ్ళిపోయింది. నేను ఇంజను ఆపేసి, కారును వాలులో చప్పుడు లేకుండా వెనక్కి జారనిచ్చి, ఇంటి ముందు పెట్టాను.

తరువాతి ఆదివారం వెళ్ళలేదు. తల్లి వైపు ఆలోచిస్తే వెళ్ళాలి, ఇల్లాలి వైపు ఆలోచిస్తే వెళ్ళకూడదు. ఇద్దరివీ న్యాయమైన బాధలే, ఒకరికి మందైనది ఇంకొకరికి గాయమవుతోంది. మా ఆవిడ, వెళ్ళి అత్తకే చెప్పకూడదా అంది. కానీ కోడలు ఇలా అంది అని అత్తగారితో ఎలా చెబుతాం? ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండవలసినవాళ్ళు. ఆ పై ఆదివారం, బ్యాటరీ బలహీనపడిందని చెప్పి కారును షాపుకు తెచ్చేసుకుందామని నిశ్చయించుకుని వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపు అత్త ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని బయటికి వచ్చింది.

“బాబూ, నన్నోపాలి ఎక్కించుకుని తీసికెల్లు. మీరు పరుగులెట్టే రోడ్డుకాడికి. ఆడు నన్నెప్పుడూ తీసికెల్నేదు.”

కాదనలేకపోయాను. చెల్లెమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అత్త ముందు సీటులో నిటారుగా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రుషికొండ దాటి కల్వర్టు దగ్గర ఆపాను. ఇక్కడి నుంచే అత్తా అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, ఆడు ఏ పక్కన అని అడిగింది. సముద్రం వైపని చెప్పాను. అయితే అటు పెట్టు అంది. పెట్టాను. ఆ వైపు నుంచి ఆ రోడ్డును నేను చూడటం అదే మొదటిసారి. అంతవరకూ నేనుండే చోటు ఖాళీగా, నా ఎడమ చేతి పక్కన కనిపించింది.

“ఆడెలాగ తోలేవోడో అలాగే తోలు. నాకు బయ్యం నేదు.”

తోలాను. నాకు తెలిసిందంతా, నాకు చేతనైనదంతా పెట్టి తోలాను. ఆమె చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది గాని కళ్ళు మూసుకోలేదు. తాడిచెట్లు దాటాక నెమ్మదిగా పక్కకు తీసి ఆపాను. ఇంజను వేడికి టిక్కు టిక్కుమంటోంది. తరువాత ఆవిడ, నా వైపు తిరక్కుండా, మామూలుగా అంది.

“మద్దిన నీకు సప్పుడు తెగిపోతాది బాబూ. ఆడికి తెగదు.”

గేరు మార్చేటప్పుడు ఇంజను గొంతు ఒక్క క్షణం పడిపోయి మళ్ళీ అందుకుంటుంది. బావ కారులో ఆ పడిపోవటం వినిపించేది కాదు. ఏళ్ళ తరబడి నేను ఇనుములో వెతికిన తేడాను ఆ తల్లి వీధి గుమ్మంలో కూర్చుని వినేది.

“నీకు ఇది ఎప్పుడు తెలిసిందత్తా?”

“మొదటి దినమే. నువ్వు మా వీది దాటకముందే తెగింది. ఆడు కాదని అప్పుడే తెలిసింది. లోకంలో ఏ బండెక్కినా ఆడు మరి రాడని కూడా అప్పుడే తెలిసింది.”

“మరి వారం వారం నన్నెందుకు రానిచ్చావు?”

ఆవిడ నా వైపు తిరిగింది. “నాను ఒకపాలి కదపమన్నాను. ఆదివారాల పూట నువ్వే ఒచ్చినావు. ఒచ్చినోడివి దిగులుగా ఒచ్చి, ఎల్లినప్పుడు కాస్త తేటగా ఎల్తన్నావు. నీకు ఆడు కావాల గావాల అనుకున్నాను. ఒచ్చినోణ్ణి ఒద్దంతానేటి?”

నేను స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. ఆవిడ కోసం నేను వస్తున్నాననుకున్నాను. నా కోసం ఆవిడ పెద్దలను ఆపి, కొడుకు కర్మ ఆపి, వారం వారం ఆ చప్పుడు భరించింది. అత్త కోసమని కోడలు ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. ముగ్గురం ఒకరి కోసం ఒకరం ఓర్చుకుంటూ, పోయినవాణ్ణి పోనివ్వకుండా పట్టుకున్నాం. ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, నేను తేరుకునేదాకా అలాగే ఉంచింది. ఆ తల్లి చేత ఓదార్పు పొందవలసినవాణ్ణి కాదు నేను, ఆమెను ఓదార్చవలసినవాణ్ణి. అయినా అలాగే జరిగింది.

“అద్దం సరిజేసుకో బాబూ,” అంది చివరికి. “వెనకాల ఏటొస్తందో నీకు అగుపడక్కర్నేదా?”

అద్దం సరిచేశాను. కింద మీట లాగి సీటు వెనక్కి జరిపాను. కాళ్ళు చాపుకుని, మామూలు మనిషి మామూలు కారు నడిపినట్టు నడుపుకుంటూ ఆవిడను ఇంటికి తెచ్చాను. దారిలో ఒకచోట ఆపి ఇద్దరం టీ తాగాం.

ఆ నెలలోనే ఒడ్డున పెద్దలు చెప్పిన ప్రకారం జరగవలసినవన్నీ జరిగాయి. సముద్రంలో పాలు పోసేటప్పుడు చెల్లెమ్మ నన్ను కూడా పక్కన నిలబడమంది. కారును ఇంటి ముందు ఉంచుకోలేమన్నారు. పెందుర్తిలో డ్రైవింగు నేర్పే ఒకాయనకు అది చేరింది. ఆ తరువాత ఒకసారి అటు పనిమీద వెళ్ళి దాన్ని చూశాను. నెత్తి మీద ఎల్ బోర్డు పెట్టుకుని, కొత్తగా నేర్చుకుంటున్న ఒక అమ్మాయి చేతిలో నాలుగు రోడ్ల మధ్య ఆగిపోయి ఉంది. లారీలవాళ్ళు వెనక హారన్లు కొడుతున్నారు. సైలెన్సరు మార్చేశారు, గొంతు లేదు. అది మళ్ళీ స్టార్టయి, కుదుపులతో మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నేను రోడ్డు పక్కనే నిలబడ్డాను.

నేను మళ్ళీ పందెం వేయలేదు. అడిగినవాళ్ళు ఉన్నారు, వెళ్ళి కల్వర్టు దగ్గర ఒకసారి నిలబడ్డాను కూడా. పక్కకు వచ్చి ఆగిన కారులో ముఖం చూసి, ఇంజను ఆపి వచ్చేశాను. ఎర్ర కారులోని పెద్ద ఇంజను తీసి మావయ్యకు ఇచ్చేశాను, అది ఏ వ్యానులోకో వెళ్ళింది. అత్త చాలా ఏళ్ళు బతికింది. చెల్లెమ్మ ఎండుచేపల వ్యాపారం చేసి నిలదొక్కుకుంది. ఇప్పటికీ ఏ శుభకార్యమైనా ఆమెకు ఆడపడుచు లాంఛనం మా ఇంటి నుంచే వెళుతుంది. మలుపులో ఆమె నన్ను ఆపిన ఆ ఆదివారం సంగతి మా మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

ఇప్పుడు ఆ లేతు షాపులు చాలావరకు మూతబడ్డాయి. ఇంజన్ల మీద నల్లటి ప్లాస్టిక్ మూతలు వచ్చాయి. వాటిని ఎత్తి చూసినా మనకు అర్థమయ్యేది ఏమీ ఉండదు, కంప్యూటరు తగిలిస్తే అదే చెబుతుంది. గేర్లు కూడా వాటంతట అవే మారుతున్నాయి. ఎవరి చేతిలోనైనా చప్పుడు ఒక్కలాగే సాగుతుంది, ఎవరికీ మధ్యలో తెగదు. మంచిదే. కానీ మన రోజుల్లో మనిషి కంటికి కనిపించక ముందే, వీధి మలుపులో వినిపించిన బండిని బట్టి వస్తున్నది నాన్నో, డాక్టరుగారో, పోస్టుమానో చెప్పేసేవాళ్ళం. స్కూటరు తన్నే తీరును బట్టి ఆ ఇంటాయన కోపంగా ఉన్నాడో కులాసాగా ఉన్నాడో తెలిసేది. ఇనుములోకి మనిషి ఎంతో కొంత దిగేవాడు. ఇప్పుడు మా వీధిలో పగలంతా కార్లు వస్తాయి, పోతాయి. తలుపు తీసి మనిషి దిగేదాకా వచ్చింది ఎవరో నాకు తెలియదు. తెలియకపోయినా, ప్రతి చప్పుడుకూ ఒక్క క్షణం చేతిలో పని ఆపి, అది మధ్యలో తెగుతుందేమోనని వింటాను. తెగదు. తెగకపోయినా అది అతను కాదు.